పాత కంప్యూటర్‌లో కొత్త ఓఎస్ వేశాక బూట్ అవ్వట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్, సెక్యూర్ బూట్ లాంటివి అడుగుతుంది. అవి లేని మెషిన్లు మన ఇళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. పిల్లల చదువుకో, షాపు లెక్కలకో అవి ఇప్పటికీ సరిపోతాయి. అందుకే చాలామంది లినక్స్ మింట్ లాంటి ఉచిత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామని కూర్చుంటున్నారు. ఇన్‌స్టాల్ అంతా సవ్యంగా అయ్యాక రీస్టార్ట్ కొడితే నల్ల స్క్రీన్ వస్తుంది. ఇక్కడున్నవన్నీ చుట్టాలు, స్నేహితులు నన్ను అడిగిన ప్రశ్నలే. ఉదాహరణలు ఎక్కువగా మింట్, ఉబుంటులవే. చాలా విషయాలు మిగతా ఓఎస్‌లకూ వర్తిస్తాయి.

ఇన్‌స్టాల్ బాగానే అయింది, రీస్టార్ట్ చేస్తే ఏమీ రావట్లేదు. మళ్లీ మొదట్నుంచి వేసేయనా?

వద్దు. ముందు ఫోన్ తీసి స్క్రీన్‌ను ఫొటో తీయండి.

"బూట్ అవ్వట్లేదు" అనే ఒక్క మాట వెనుక నాలుగైదు వేర్వేరు సమస్యలు ఉంటాయి. పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని బయోస్ గానీ, కాస్త కొత్త మెషిన్లలో యూఈఎఫ్ఐ గానీ లేచి ర్యామ్, డిస్క్ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. కంపెనీ లోగో కనిపించేది అప్పుడే. ఆ తర్వాత అది డిస్క్‌లో ఉన్న బూట్‌లోడర్‌కు పని అప్పజెబుతుంది. లినక్స్‌లో ఆ బూట్‌లోడర్ పేరు గ్రబ్. గ్రబ్ ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైళ్ల మూటను మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నల్ లేచి ఓఎస్ ఉన్న అసలు పార్టిషన్‌ను (డిస్క్‌లోని భాగాన్ని) వెతికి పట్టుకుంటే, చివరికి డెస్క్‌టాప్ వస్తుంది.

మీ మెషిన్ ఇందులో ఎంతదాకా వచ్చి ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. అది తెలుసుకోకుండా అవే సెట్టింగ్‌లతో మళ్లీ వేస్తే మళ్లీ అక్కడే ఆగుతుంది. మా మేనమామగారి 2009 నాటి డెస్క్‌టాప్‌కి ఒక ఆదివారమంతా మూడుసార్లు మింట్ వేశాను. డిస్క్‌లో తప్పేమీ లేదు. పెన్‌డ్రైవ్ తయారుచేసిన పద్ధతి ఆ బయోస్‌కు సరిపడలేదు, అంతే. మొదటిసారే స్క్రీన్ మీద ఉన్న ఒక్క లైన్ చదివుంటే అరగంటలో అయిపోయేది.

నా పాత ఫొటోలు, ఫైళ్లు పోయినట్టేనా?

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేయమని మీరే ఎంచుకుని ఉంటే, చాలావరకు పోయినట్టే. అప్పుడు ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్లకు చూపించండి. విండోస్‌ను అలాగే ఉంచి పక్కన వేసి ఉంటే మాత్రం ఫైళ్లు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. ఓఎస్ వేసిన పెన్‌డ్రైవ్‌తోనే మళ్లీ బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ డెస్క్‌టాప్‌లో ఉండండి. ఫైల్ మేనేజర్ తెరిచి, ముఖ్యమైనవన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మిగతా రిపేర్లన్నీ దాని తర్వాతే. ఈ వరస మాత్రం తప్పవద్దు.

"నో బూటబుల్ డివైస్" అనో, "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అనో వస్తోంది.

బయోస్ వరకు అంతా బాగుంది, దానికి బూట్‌లోడర్ దొరకలేదు అని అర్థం. ముందు తేలికైనవి చూడండి. పాత పెన్‌డ్రైవో, డీవీడీయో మెషిన్‌లో మిగిలిపోయిందా? బూట్ ఆర్డర్‌లో (మెషిన్ బూట్‌లోడర్ కోసం వెతికే వరసలో) హార్డ్ డిస్క్ ముందుందా?

బూట్ మెనూ కోసం ఆన్ చేసిన వెంటనే ఒక కీ టకటకా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్ సెటప్‌లోకి వెళ్లి ఆ మెనూను ఎనేబుల్ చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అదే మాట వస్తుంటే, పాత మెషిన్లలో నేను ఎక్కువసార్లు చూసిన కారణం లెగసీ (పాత బయోస్ పద్ధతి), యూఈఎఫ్ఐల తికమక. సుమారు 2011 నుంచి 2016 మధ్య వచ్చిన చాలా మెషిన్లు రెండు పద్ధతుల్లోనూ బూట్ అవుతాయి. పెన్‌డ్రైవ్‌ను ఏ పద్ధతిలో బూట్ చేశారో, ఇన్‌స్టాలర్ కూడా ఆ పద్ధతికే బూట్‌లోడర్ వేస్తుంది. మీరు పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐలో బూట్ చేశారనుకోండి. సెటప్‌లో మాత్రం లెగసీ ముందుందనుకోండి. అప్పుడు డిస్క్‌లో అన్నీ ఉన్నా బయోస్ వెతికే చోట ఏమీ ఉండదు.

బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది ఒక పద్ధతి, ఏమీ లేనిది లెగసీ. ఇప్పుడు ఏ పద్ధతిలో ఉన్నారో లైవ్ డెస్క్‌టాప్‌లో చూడవచ్చు. ఫైల్ మేనేజర్‌లో రూట్ దగ్గర సిస్ ఫోల్డర్, అందులో ఫర్మ్‌వేర్, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐలో ఉన్నట్టు, లేకపోతే లెగసీలో ఉన్నట్టు. సెటప్‌లో ఒక పద్ధతి ఎంచుకుని, ఆ పద్ధతిలోనే పెన్‌డ్రైవ్ బూట్ చేసి, ఆ పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేయండి.

2010కి ముందరి మెషిన్లలో చాలావాటికి లెగసీ ఒక్కటే గతి. అలాంటివాటిలో డిస్క్ 2 టీబీ లోపు ఉంటే పార్టిషన్ టేబుల్ (డిస్క్ భాగాల పట్టిక) పాత పద్ధతి అయిన ఎమ్‌బీఆర్ పెట్టుకోండి. కొత్త పద్ధతి అయిన జీపీటీ డిస్క్ నుంచి కూడా లెగసీ బూట్ కుదురుతుంది. కానీ దానికి బూట్‌లోడర్ కోసం 1 ఎంబీ చిన్న పార్టిషన్ విడిగా ఉండాలి. పైగా కొన్ని పాత బయోస్‌లు జీపీటీ డిస్క్‌ను చూసి అసలు బూట్ చేయవు. విండోస్‌లో రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు కూడా ఎమ్‌బీఆరా, జీపీటీయా అని అడుగుతుంది. అక్కడ ఇచ్చిన జవాబు మెషిన్‌కు సరిపోవాలి.

పెన్‌డ్రైవ్ ఉంటేనే బూట్ అవుతోంది, తీసేస్తే అవ్వట్లేదు.

బూట్‌లోడర్ పొరపాటున పెన్‌డ్రైవ్‌లోకే వెళ్లింది. రెండు డిస్క్‌లున్న మెషిన్లలో ఓఎస్ ఒకదానిలో, గ్రబ్ మరొకదానిలో పడటం కూడా ఇలాంటిదే. లైవ్ డెస్క్‌టాప్‌లో బూట్ రిపేర్ అనే టూల్ నడిపితే సరిపోతుంది. లినక్స్ మింట్ లైవ్ పెన్‌డ్రైవ్‌లో అది ముందే ఉంటుంది, మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద చూడండి. ఇంటర్నెట్ పెట్టుకుని, రికమెండెడ్ రిపేర్ నొక్కండి. లైవ్ పెన్‌డ్రైవ్ కూడా ఓఎస్ వేసిన పద్ధతిలోనే బూట్ అయి ఉండాలి, లేకపోతే రిపేర్ కూడా తప్పు చోటే జరుగుతుంది.

విండోస్, లినక్స్ రెండూ ఉండేలా డ్యూయల్ బూట్ పెట్టాను. గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్తోంది.

యూఈఎఫ్ఐ సెటప్‌లో బూట్ ఆర్డర్ చూడండి. అక్కడ ఉబుంటు అనే పేరు ఉంటే దాన్ని పైకి తీసుకురండి. మింట్ వేసినా అక్కడ ఉబుంటు అనే కనిపిస్తుంది, కంగారుపడకండి.

పేరు పైకి తెచ్చినా లాభం లేకపోతే, మీ మెషిన్ యూఈఎఫ్ఐలో లోపం ఉన్నట్టు. తొలినాళ్ల యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్‌లు కొన్ని విండోస్ బూట్ మేనేజర్‌ను తప్ప దేన్నీ పట్టించుకోవు. అప్పుడు అన్ని యూఈఎఫ్ఐలూ చివరి దిక్కుగా వెతికే దారిని వాడుకోవచ్చు. బూట్‌లోడర్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఈఎఫ్ఐ ఫోల్డర్, అందులో బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉంటుంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, ఉబుంటు ఫోల్డర్‌లోని గ్రబ్‌ఎక్స్64 ఫైల్‌ను ఆ పేరుతో అక్కడ పెడితే, సెటప్‌లో డిస్క్ పేరు ఎంచుకున్నప్పుడు గ్రబ్ వస్తుంది. అక్కడ ముందే ఉన్న ఫైల్‌ను మాత్రం వేరే పేరుతో దాచుకోండి.

ఏసర్ వాళ్లకు ఒక మాట. చాలా మోడళ్లలో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచుకుని లినక్స్ బూట్ చేయాలంటే, ఆ ఫైల్‌ను నమ్మదగినదిగా సెటప్‌లో ఎంచుకోవాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే గానీ ఆ ఆప్షన్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ పెట్టి, పని అయ్యాక తీసేయవచ్చు. మర్చిపోతే మాత్రం పెద్ద తలనొప్పి, కాగితం మీద రాసుకోండి.

సెక్యూర్ బూట్ ఆఫ్ చేస్తే ప్రమాదమా?

బూట్ సమయంలో నమ్మకం లేని ప్రోగ్రామ్ చొరబడకుండా అది కాపాడుతుంది, కాబట్టి పనిచేస్తుంటే ఉంచుకోవడమే మంచిది. ఉబుంటు, మింట్‌లు దానితో పనిచేస్తాయి. కానీ 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యూయల్ బూట్ మెషిన్లలో "సెక్యూరిటీ పాలసీ వయొలేషన్" అని వచ్చి లినక్స్ ఆగిపోయింది. పాత ఐఎస్ఓతో (డౌన్‌లోడ్ చేసుకునే ఓఎస్ ఫైల్‌తో) చేసిన పెన్‌డ్రైవ్ కూడా ఇలాగే ఆగవచ్చు. అలాంటప్పుడు తాత్కాలికంగా ఆఫ్ చేసి, లినక్స్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి.

ఆఫ్ చేసే ముందు ఒక్క జాగ్రత్త: విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, ఈ సెట్టింగ్ మార్చగానే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ దగ్గర ఉందని చూసుకున్నాకే ముట్టుకోండి.

"గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి కర్సర్ మిణుకుమిణుకుమంటోంది.

గ్రబ్ మొదటి ముక్క లేచింది, మిగతా ముక్కలున్న పార్టిషన్ దానికి దొరకలేదు. విండోస్‌లో కూర్చుని లినక్స్ పార్టిషన్‌ను డిలీట్ చేసినవాళ్లకు, పార్టిషన్ల సైజు మార్చినవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది. అక్కడే కమాండ్‌లు కొట్టి బయటపడే దారి ఉంది గానీ, అలవాటు లేనివాళ్లకు లైవ్ పెన్‌డ్రైవ్, బూట్ రిపేర్ దారే నయం. లినక్స్ తీసేసి విండోస్ ఒక్కటే ఉంచుకోవాలనుకుంటే విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి స్టార్టప్ రిపేర్ చేయాలి.

గ్రబ్ మెనూ వస్తోంది. ఎంటర్ కొడితే స్క్రీన్ మొత్తం నలుపు.

ఇది చాలావరకు గ్రాఫిక్స్ సమస్య. కంప్యూటర్ లోపల నడుస్తూనే ఉండవచ్చు, బొమ్మ మాత్రం రావట్లేదు. పాత ఎన్‌విడియా కార్డులున్నవాటిలో ఎక్కువ.

మింట్ పెన్‌డ్రైవ్ దగ్గరే ఇలా అయితే, మొదటి మెనూలో కంపాటబిలిటీ మోడ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక ఇలా అయితే గ్రబ్ మెనూలో ఆ లైన్ మీద ఉండి, కీబోర్డులో ఇంగ్లిషు e అక్షరం నొక్కండి. మెనూ రాకపోతే ఆన్ చేసిన వెంటనే, లెగసీలో షిఫ్ట్ పట్టుకోవాలి, యూఈఎఫ్ఐలో ఎస్కేప్ నొక్కాలి. తెరుచుకున్న లైన్లలో లినక్స్ అనే పదంతో మొదలయ్యేది వెతకండి. దాని చివర్లో క్వైట్ స్ప్లాష్ అని ఉంటుంది. దాని తర్వాత ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా చేర్చి, ఎఫ్10 నొక్కండి. స్పెల్లింగ్ ఎన్, ఓ, ఎమ్, ఓ, డీ, ఈ, ఎస్, ఈ, టీ. ఆ ఒక్కసారికి డెస్క్‌టాప్ వస్తుంది. వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిచి, సరైన డ్రైవర్ చూపిస్తే వేసుకోండి.

జీఫోర్స్ 8, 9, 200 సిరీస్ లాంటి కార్డులకు ఎన్‌విడియా సొంత డ్రైవర్ 340 సిరీస్‌తో ఆగిపోయింది, కొత్త కెర్నల్స్‌తో అది కుదరదు. వాటికి లినక్స్‌తోపాటు వచ్చే నూవో డ్రైవరే దిక్కు. మదర్‌బోర్డులో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే, కార్డు తీసేసి మానిటర్ కేబుల్‌ను బోర్డుకు పెట్టి చూడండి. ఆఫీసు పనికి అదే చాలు.

"ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్" అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది.

కెర్నల్ లేచింది, అసలు పార్టిషన్ దొరకలేదు లేదా తెరుచుకోలేదు. కరెంటు పోయి మెషిన్ ఒక్కసారిగా ఆగినప్పుడు ఫైల్ సిస్టమ్ దెబ్బతిని ఇలా అవుతుంది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్స్ అనే టూల్‌లో ఆ పార్టిషన్ ఎంచుకుని రిపేర్ ఫైల్‌సిస్టమ్ నొక్కండి. అదే టూల్‌లో స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం లెక్కలు) కూడా చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు పెరుగుతుంటే డిస్క్ చివరి దశలో ఉంది. అప్పుడు రిపేర్ కంటే ముందు కాపీ చేసుకోవాలి.

కెర్నల్ ప్యానిక్, "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్" అని వస్తోంది.

ఇది ఎక్కువగా అప్‌డేట్ తర్వాత వస్తుంది. బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నల్‌కు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ తయారవ్వలేదు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. లోపలికి వెళ్లాక అక్కర్లేని పాత కెర్నల్స్ తీసేసి, మళ్లీ అప్‌డేట్ చేయండి.

"దిస్ కెర్నల్ రిక్వైర్స్ యాన్ ఎక్స్86-64 సీపీయూ" అంటోంది. ఏం చేయాలి?

మీ ప్రాసెసర్ 32 బిట్‌ది, మీరు వేస్తున్నది 64 బిట్ ఓఎస్. 2008 ప్రాంతంలో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లలో ఆటమ్ ఎన్270 ఉండేది, అది 32 బిట్ మాత్రమే. ఉబుంటు 2017 అక్టోబర్‌లో వచ్చిన 17.10 నుంచి 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. డెబియన్ 12, యాంటీఎక్స్ 23లకు 32 బిట్ ఐఎస్ఓలు ఉన్నాయి. 1 జీబీ ర్యామ్ ఉన్నవాటిలో యాంటీఎక్స్ నడుస్తుంది. అయితే దాని మీద యూట్యూబ్ సాఫీగా ఆడుతుందని ఇంట్లోవాళ్లకు మాటివ్వకండి.

విండోస్ 11ను షరతులు దాటవేసి కోర్ 2 డ్యుయోలో వేశాను. లోగో దగ్గరే ఆగుతోంది.

2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ 4.2 అనే సూచనలు (ఇన్‌స్ట్రక్షన్లు) తప్పనిసరిగా ఉండాలంటుంది. టీపీఎమ్ తనిఖీని ఇన్‌స్టాలర్‌లో దాటవేయవచ్చు. ప్రాసెసర్‌లో లేని సూచనను మాత్రం ఏ ట్రిక్కూ తెచ్చిపెట్టలేదు. ఇంటెల్‌లో మొదటి తరం కోర్ ఐ నుంచి, ఏఎమ్‌డీలో 2011 నాటి బుల్‌డోజర్ నుంచి ఇవి ఉన్నాయి. కోర్ 2 డ్యుయో మీద ఇంకా ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి. అదే మెషిన్‌లో 4 జీబీ ర్యామ్, ఒక ఎస్ఎస్‌డీ పెట్టి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేస్తే చక్కగా నడుస్తుంది.

పాత డెస్క్‌టాప్‌కి అడాప్టర్‌తో ఎన్‌వీఎమ్‌ఈ ఎస్ఎస్‌డీ పెట్టాను. ఇన్‌స్టాల్ అయింది, బూట్ అవ్వట్లేదు.

ఈ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అప్పటికే డబ్బు పెట్టేసి ఉంటారు. లినక్స్‌కు ఎన్‌వీఎమ్‌ఈ (కొత్త రకం వేగమైన ఎస్ఎస్‌డీ) తెలుసు, కాబట్టి ఇన్‌స్టాలర్‌కు కనిపిస్తుంది. కానీ ఆ కాలపు బయోస్‌కు ఎన్‌వీఎమ్‌ఈ అంటే ఏమిటో తెలియదు, కాబట్టి దాని నుంచి బూట్ చేయలేదు. మార్గం ఉంది: బూట్ పార్టిషన్‌ను, గ్రబ్‌ను పాత సాటా హార్డ్ డిస్క్‌లో పెట్టి, మిగతా సిస్టమ్‌ను ఎన్‌వీఎమ్‌ఈలో ఉంచండి. ఇంకా కొననివాళ్లు మామూలు సాటా ఎస్ఎస్‌డీ కొనుక్కోండి.

నిన్న పనిచేసింది, రాత్రి స్విచ్ బోర్డు దగ్గర ఆఫ్ చేస్తే పొద్దున బూట్ అవ్వలేదు. తేదీ కూడా పాత సంవత్సరం చూపిస్తోంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. దాని నంబర్ సీఆర్2032, 3 వోల్టులు. అది అయిపోతే మెయిన్ ఆఫ్ చేసినప్పుడల్లా బయోస్ తన సెట్టింగ్‌లు మర్చిపోతుంది. మీరు మార్చిన బూట్ ఆర్డర్, సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) అన్నీ మొదటికి వస్తాయి. సాటా మోడ్ మారితే విండోస్ "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటుంది. మా ఊళ్లో ఒకాయన కంప్యూటర్‌కి మదర్‌బోర్డు పోయిందని ఒక షాపులో చెప్పారు. బ్యాటరీ మార్చి, సెటప్‌లో సాటాను ఏహెచ్‌సీఐకి పెట్టగానే లేచింది. ఈ బ్యాటరీ వాచీ షాపుల్లో కూడా దొరుకుతుంది. మార్చేటప్పుడు ప్లగ్ తీసేయండి.

ఇన్‌స్టాలర్‌కు హార్డ్ డిస్క్ కనిపించట్లేదు.

సెటప్‌లో సాటా మోడ్ రెయిడ్‌లో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ కూడా ఉంచుకుంటుంటే, మార్చే ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ తర్వాతే మార్చండి.

ఒకసారి బూట్ అవుతుంది, మరోసారి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఒక్కోసారి ఒక్కో ఎర్రర్.

ఎర్రర్ మారుతూ ఉంటే ఓఎస్‌ను అనుమానించడం మానేసి హార్డ్‌వేర్ చూడండి. ముందు ర్యామ్. ప్లగ్ తీసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, పొట్టు ఊదేసి, గట్టిగా కూర్చోబెట్టండి. చాలా ఏళ్లుగా మన మెకానిక్‌లు చేస్తున్న పనే ఇది, నిజంగానే పనిచేస్తుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఆ తర్వాత మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అలాగే వాడకూడదు. అది బాగుంటే సాటా కేబుల్ మార్చండి, తర్వాత ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై).

పెన్‌డ్రైవ్‌ను కూడా వదలకండి. డౌన్‌లోడ్ అయిన ఐఎస్ఓ చెక్‌సమ్ (ఫైల్ సరిగ్గా దిగిందో చెప్పే కోడ్) సరిచూశారా? పాత బోర్డుల్లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి బూట్ కుదరకపోవచ్చు, వెనకవైపు నల్లని యూఎస్‌బీ 2 పోర్టు వాడి చూడండి.

బూట్ అవుతుంది గానీ, ఒకటిన్నర నిమిషం ఏదో లెక్కపెడుతూ ఆగుతుంది.

"స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని వస్తుంటే, లేని పార్టిషన్ కోసం లినక్స్ ఎదురుచూస్తోంది. 90 సెకన్లు చూసి వదిలేస్తుంది. ఎక్కువగా ఫార్మాట్ కొట్టిన స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే) పార్టిషన్ వల్ల. ఏ పార్టిషన్లు తెరవాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ పాత లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే పోతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయింది.

ఈ సందర్భంలో మళ్లీ మొదట్నుంచి వేయడమే సరైన పని. సాధారణంగా డిస్క్‌కు ఏమీ కాదు, స్మార్ట్ ఒకసారి చూసుకోండి. కానీ బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో బయోస్ అప్‌డేట్ జోలికి వెళ్లకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉండి, చార్జర్ కూడా పెట్టి ఉండాలి.

ఇవన్నీ చూశాను, అవ్వలేదు. షాపులో ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

"ఆన్ అవ్వట్లేదు" అని వదిలేస్తే ఫార్మాట్ కొట్టి ఇచ్చే ప్రమాదం ఉంది. మెషిన్ మోడల్, ఏ ఓఎస్ వేశారు, లెగసీయా యూఈఎఫ్ఐయా, ఏ లైన్ దగ్గర ఆగింది అన్నవి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మీరు తీసిన ఫొటోలు వాళ్లకు వాట్సాప్‌లో పంపండి. డేటా కావాలంటే "నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయవద్దు" అని ఆ కాగితం మీదే పైన పెద్ద అక్షరాలతో రాయండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్ లాంటి పెద్ద మార్కెట్‌కు తీసుకెళ్తుంటే, డెస్క్‌టాప్ వాళ్లు మానిటర్, కీబోర్డు మోసుకెళ్లక్కర్లేదు, సీపీయూ డబ్బా ఒక్కటి చాలు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ మర్చిపోకండి.